డాబా మీద ఊపే చెయ్యి

మేముండే ఇంటి వెనకనుంచి పెద్ద వంతెన వెళ్తుంది. రైలు పట్టాలు దాటడానికి పైకి లేస్తూ వచ్చి, సరిగ్గా మా డాబా ఎత్తుకు చేరాక ఒక్క మలుపు తిరిగి, అటువైపు మెల్లగా దిగిపోతుంది. ఆ మలుపులో బండి ఆపకూడదు. ఆపితే వెనక వచ్చేవాడికి కనబడదు. అందుకని అక్కడినుంచి సొంత ఇల్లు కనబడినా సరే, కళ్ళతో పలకరించి వెళ్ళిపోవలసిందే.

మా మేడమీది అద్దెవాటాలో ఉండే జేబులక్క భర్త రోజు విడిచి రోజు ఆ మలుపులోంచే వెళ్తాడు. ఐసు లారీ నడుపుతాడాయన. రేవులో చేపలు ఎక్కించుకుని, ఎండ ముదరకముందే ఈ వంతెన దాటి, ఎక్కడో దూరాన ఉన్న పట్నంలో దించుతాడు. చేపలు ఆగవు, కాబట్టి ఆయనా ఆగడు. బండి మరమ్మతుకు వచ్చినప్పుడు మాత్రం ఇంటికొచ్చి కంటినిండా నిద్రపోతాడు. మిగతా రోజులన్నీ ఆ మలుపే వాళ్ళ కాపురం.

మలుపు ఎక్కే ముందు హారన్ కొడతాడు. రెండు పొట్టివి, ఒక పొడుగు. ఆ మోత వినబడగానే జేబులక్క చేతిలో ఏ పనున్నా వదిలేసి, చెప్పులు జారుతున్నా లెక్కచెయ్యకుండా డాబా ఎక్కేది. పిట్టగోడ దగ్గర నిలబడి పసుపుపచ్చ గుడ్డ ఒకటి ఊపేది. లారీ కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చేది. అంతే. అగ్గిపుల్ల వెలిగి ఆరినంతసేపు. ఆ తర్వాత మెట్లు దిగి వస్తున్నప్పుడు ఆమె ముఖం చూడాలి. దేవుడి ముందు నిలబడి వచ్చినవాళ్ళ ముఖంలో ఉండే నిదానం ఉండేది.

జేబులక్క అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. కుట్టుపని ఆమెది. ఏం కుట్టినా దానికొక జేబు పెట్టనిదే ఆమె చెయ్యి ఊరుకోదు. పసిపిల్ల గౌనుకి జేబు, దిండు గలీబుకి జేబు, ఆఖరికి మాకు వాటాలు అద్దెకిచ్చిన ఇంటావిడ కిటికీ తెరకి కూడా జేబు. "తెరకి జేబెందుకే, దాని మొహం!" అని ఇంటావిడ కసిరితే, "మీరు రోజంతా కిటికీ దగ్గరే కూర్చుంటారు, రోజంతా కళ్ళజోడు వెతుక్కుంటారు కదండీ" అంది. ఆ రోజునుంచి ఇంటావిడ కళ్ళజోడు పోలేదు. నా ప్రార్థన పుస్తకానికి ఒక గుడ్డసంచీ కుట్టి ఇచ్చి, దానికి లోపలివైపు ఇంకో బుల్లి జేబు పెట్టింది. "అది రుమాలుకి, పిన్నీ. ప్రార్థన చేసుకునేటప్పుడు మీకు కళ్ళు తడుస్తాయిగా" అంది. ఆ సంగతి ఎవరూ చూడటం లేదనుకున్నాను అప్పటిదాకా.

పోయిన చలికాలంలో ఆమెకు పెద్దాసుపత్రిలో పని దొరికింది. చిరిగిన దుప్పట్లూ రోగుల చొక్కాలూ బాగుచేసే గదిలో. పొద్దున్నే వెళ్తే దీపాలు పెట్టే వేళకి వస్తుంది. వారానికో సెలవు, అదీ ఏ రోజని చెప్పలేం. ఇష్టపడే వెళ్ళింది. రోగుల చొక్కాలకి జేబులు పెడుతోందని మొదట్లో పెద్ద నర్సు కోప్పడిందట. తర్వాత ఒక ముసలాయన ఆ జేబులో మనవరాలి ఫోటో పెట్టుకుని ఆపరేషను గదికి వెళ్ళడం చూసి, "అన్నిటికీ పెట్టెయ్యమ్మా" అందట. ఇది చెప్తున్నప్పుడు జేబులక్క కళ్ళు మెరిశాయి.

కానీ హారన్ మాత్రం డాబా మీదికి ఖాళీగా వచ్చి పోయేది. కింద వెనకవాటాలో ఉండేదాన్ని నేను. రెండు పొట్టివి, ఒక పొడుగు. పైన చెప్పుల చప్పుడు లేదు. ఆయనకి ఆమె డ్యూటీ సంగతి తెలుసు. అయినా కొట్టేవాడు. ఆ మోత వింటే, తలుపు కొట్టి లోపల ఎవరూ లేరని తెలిసీ కాసేపు నిలబడిపోయే మనిషి గుర్తొచ్చేవాడు నాకు.

ఒకరోజు మనసు ఆగక నేనే డాబా ఎక్కి, చేతిలో ఉన్న తెల్లటి తుండుగుడ్డ గబగబా ఊపాను. సాయంత్రం జేబులక్క నవ్వలేక నవ్వుతూ వచ్చింది.

"పిన్నీ, పొద్దున మీరు డాబా మీద ఏం చేశారు?"

"మీ ఆయనకి చెయ్యి ఊపానమ్మా. ఏం?"

"ఇంట్లో ఏదో అంటుకుందనీ, మీరు సాయానికి పిలుస్తున్నారనీ అనుకున్నాడట! దారి పొడుగునా ఇంటావిడకి ఫోను మీద ఫోను చేశాడు. ఆవిడకేమో కళ్ళజోడు దొరికింది గానీ ఫోను దొరకలేదు."

ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వు అయ్యాక ఆమె కొంగు కొనను వేలికి చుట్టుకుంటూ చెప్పింది, ఇంకేమన్నాడో. "ఖాళీ డాబా చూస్తే ఏదో ఊరు దాటుతున్నట్టుంటోందే, ఇల్లు దాటుతున్నట్టు లేదు" అన్నాడట. పట్నానికి కొత్తగా బైపాసు వేశారు. వంతెన ఎక్కక్కర్లేదు, త్వరగా చేరిపోవచ్చు. లారీ ఓనరు ఎప్పటినుంచో ఆ దారిన వెళ్ళమంటున్నాడు. ఈయనే ఈ మలుపు కోసం ఏవో సాకులు చెప్పి ఆపుతున్నాడు. ఏ సంగతీ నెలాఖరులోగా చెప్పమన్నాడట ఓనరు.

"బైపాసులో వెళ్తే మా ఇల్లు ఎటువైపుందో కూడా తెలీదు పిన్నీ" అంది జేబులక్క. 

ఆ వారమే ఆమె ఆడపడుచు వచ్చింది. పిల్లలకి మరబొమ్మలు చెయ్యడం నేర్పే టీచరు ఆ అమ్మాయి. సంచీ నిండా తీగలూ చక్రాలూ వేసుకుని తిరుగుతుంది. వదినా ఆడపడుచులిద్దరూ కలిశారంటే ఇల్లంతా వెక్కిరింతలే.

"నాకో చెయ్యి కావాలి" అంది జేబులక్క.

"ఉన్నవి రెండూ ఏమయ్యాయి వదినా? ఆసుపత్రిలో కుట్టేసుకున్నావా?"

"నేను డ్యూటీలో ఉన్నప్పుడు డాబా మీద ఊపాలి. మీ అన్నయ్య హారన్ విని."

ఆడపడుచు వెక్కిరిద్దామని నోరు తెరిచి, వదిన ముఖం చూసి మూసేసింది. సంచీ దులిపి, అరచేతిలో పట్టే ఒక పచ్చ బోర్డూ, అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దదైన ఒక మోటారూ బల్లమీద పెట్టింది. దాన్ని సర్వో మోటారంటారట. మామూలు మోటారులా గిరగిరా తిరగదు. ఇంతవరకు లే, ఇక్కడ ఆగు, మళ్ళీ దిగు అని బోర్డు చెప్తే అంతే చేస్తుంది. బోర్డుకి ఒక చిన్న చెవి కూడా తగిలించింది. హారన్ వినడానికి.

"ఏ హారన్ విన్నా ఊపేస్తుందా?" అన్నాన్నేను.

"అమ్మో! అప్పుడు వంతెన మీద పోయే డ్రైవర్లందరికీ మా వదిన చెయ్యూపుతోందని ఊరంతా గుప్పుమంటుంది పిన్నిగారూ. రెండు పొట్టివి, ఒక పొడుగు. ఆ లెక్క వింటేనే లేవాలి."

జేబులక్క తన పాత చొక్కా చేతిని కత్తిరించి, దూది కూరి, ఐదు వేళ్ళూ విడివిడిగా కుట్టింది. చూస్తే నిజం చెయ్యే. వేళ్ళ మధ్య ఆ పసుపుపచ్చ గుడ్డ పెట్టి కుట్టేసింది. మణికట్టు దగ్గర చిన్న జేబు.

"చేతికి జేబేంటి వదినా!"

"ఉండనీ. జేబన్నాక ఎప్పుడో పనికొస్తుంది."

ఆడపడుచు కంప్యూటరుకి తీగ తగిలించి, నోటితో హారన్ కొట్టింది. బల్లమీద చెయ్యి లేచి ఊగింది. జేబులక్క ఉలిక్కిపడి, తనూ చెయ్యెత్తి ఊపింది. ఆ తర్వాత సిగ్గుపడి దించుకుంది.

ఇంతవరకు బాగానే ఉంది. డాబా మీద కరెంటు లేదు. కిందనుంచి తీగ లాగుదామంటే ఇంటావిడ రెండు చేతులూ అడ్డం పెట్టింది. "వానకి తడిసిందంటే ఇల్లంతా షాకే. మీ సరసాలకి మేం పోవాలా?" ఆవిడ మాట కటువే గానీ, అందులో తప్పు లేదు. కాబట్టి బ్యాటరీ పెట్టాలి. ఏ బ్యాటరీ? అక్కడే చిక్కు వచ్చిపడింది.

మొదట ఆడపడుచు సంచీలో ఉన్న చిన్న నలుచదరపు బ్యాటరీ పెట్టారు. డాబా మీద ముగ్గురం చుట్టూ నిలబడ్డాం. ఆడపడుచు హారన్ కూసింది. చెయ్యి సగందాకా లేచింది. వణికింది. కిందికి పడింది. మళ్ళీ హారన్ కూస్తే మళ్ళీ సగందాకా లేచి, మళ్ళీ పడిపోయింది.

"ఏమైంది దానికి? మర్చిపోతోందా?" అంది జేబులక్క.

"నిజంగా మర్చిపోతోంది వదినా. కింద నీళ్ళ మోటారు వెయ్యగానే మీ ఇంట్లో లైట్లు మినుక్కుమంటాయి చూడు, అలాంటిదే. మోటారు లేవబోతూ కరెంటంతా ఒక్క గుక్కలో లాగేసుకుంటుంది. ఈ బ్యాటరీకి వోల్టేజి పేరుకే ఎక్కువ, ఆ గుక్క ఇవ్వలేదు. బోర్డుకి వోల్టేజి చాలక కళ్ళు తిరుగుతాయి. తేరుకునేసరికి ఏం చేస్తున్నానో గుర్తుండదు, మొదటికొస్తుంది."

పాపం, జేబులక్క ఆ దూది చేతిని పట్టుకుని నిమిరింది.

వీధి చివర ఫోన్లు బాగుచేసే అతను సంగతి విని, పాత కంప్యూటర్లలోంచి తీసిన లావుపాటి బ్యాటరీ సెల్లులు గుప్పెడు ఊరికే ఇచ్చాడు. "చాలా బలమండీ ఇవి" అన్నాడు. ఆడపడుచు వాటిని కళ్ళకద్దుకుని తిరిగి ఇచ్చేసింది. రోజంతా డాబా ఎండలో మాడితే ఉబ్బి అంటుకుంటాయని భయం. "ఇచ్చిన మనసు మాత్రం ఉంచుకుంటామన్నా" అంది. అతను నొచ్చుకోలేదు. మరుసటి రోజు ఇంకేదైనా కావాలేమో అడగడానికి ఇంటికే వచ్చాడు.

అప్పుడు జేబులక్కకే తట్టింది. తన ఫోనుకి వాడే పవర్ బ్యాంకు ఉంది కదా! పెట్టి చూశారు. చెయ్యి చక్కగా నిటారుగా లేచింది, ఊగింది, మర్యాదగా దిగింది. ఎన్నిసార్లు కూసినా అంతే. ఆడపడుచు చప్పట్లు కొట్టింది. మర్నాడే పిల్లల క్లాసు ఉందని ఊరెళ్ళిపోయింది.

ఇప్పుడు చెప్పబోయేది తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

జేబులక్కకి సెలవు దొరికింది. అదే రోజు లారీ రావలసిన రోజు కూడా. మామూలుగా అయితే ఆమె పిట్టగోడ దగ్గర నిలబడి ఊపాలి, ఎన్ని వారాల తర్వాతో. కానీ ఆమెకొక ఆలోచన వచ్చింది. "నేను ఎదురుగా నిలబడితే ఆయన నన్నే చూస్తాడు పిన్నీ. చెయ్యి పనిచేస్తోందో లేదో, దాన్ని చూసి ఆయన చెయ్యి బయటపెడతాడో లేదో ఎలా తెలుస్తుంది? ఇవాళ నేను నీళ్ళ ట్యాంకు వెనక దాక్కుంటా."

నేనూ సరే అన్నాను. మంచి ఆలోచనే అనిపించింది.

పొద్దున్నే చేతిని పిట్టగోడకి కట్టింది. పవర్ బ్యాంకు మీద దీపం వెలిగింది. ట్యాంకు వెనక ఇద్దరం కూర్చున్నాం. ఎండ మెల్లగా పాకింది. నేను మనసులో ప్రార్థన చేసుకుంటున్నాను. ఆమె పెదవులు కూడా కదులుతున్నాయి. హారన్ వినబడింది. రెండు పొట్టివి, ఒక పొడుగు.

చెయ్యి లేవలేదు.

"లే... లేవే..." అని గొణుగుతోంది జేబులక్క. కళ్ళు ఆ దూది చేతి మీదనుంచి కదపడం లేదు. "లే తల్లీ..." లారీ మలుపులోకి వచ్చింది. నాకు కనబడుతోంది. "అమ్మాయ్, నువ్వు లే! నువ్వు ఊపు!" అని నేను భుజం పట్టి కుదిపేసరికి ఆమె తేరుకుని పరుగెత్తింది. అప్పటికి లారీ వెనకభాగం దిగుడులోకి వెళ్ళిపోయింది. తెల్లటి పెట్టె, దానిమీద చేప బొమ్మ.

ఆమె పిట్టగోడ దగ్గర రెండు చేతులూ ఎత్తి అలాగే నిలబడిపోయింది.

"ఇక్కడే ఉన్నా పిన్నీ" అంది చివరికి. "రెండు చేతులూ పెట్టుకుని ఇక్కడే ఉన్నా. గుడ్డ చేతికేసి చూస్తూ కూర్చున్నా."

ఆ సాయంత్రం ఆయన ఫోను చేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను, ఆయన గొంతు నాకూ లీలగా వినబడింది. "ఇవాళ సెలవన్నావుగా?" అన్నాడు. అవునంది. "నిద్రపోయావేమో. పోనీలే, అలిసిపోతున్నావు" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. కోపమున్నా బాగుండేది. "బైపాసుకి ఒప్పుకుందామనుకుంటున్నా. త్వరగా చేరతాను, ఒంటికీ నయం. నువ్వూ మెట్లెక్కి దిగే పని తప్పుతుంది." ఆమె ఊ కొట్టింది. డాబా మీదే ఉన్నానని చెప్పలేకపోయింది. ఏమని చెప్తుంది?

మర్నాడే ఆడపడుచు పరుగున వచ్చింది. పవర్ బ్యాంకుని అటూ ఇటూ తిప్పి నుదురు కొట్టుకుంది.

"తప్పు నాది వదినా. మనం వెంటవెంటనే హారన్ కూస్తూ చూశాం. కానీ బోర్డు చేసే పనేంటి? రోజంతా చెవి పెట్టుకుని ఊరికే వింటూ ఉండటం. దానికి పట్టే కరెంటు చిటికెడు. ఈ పవర్ బ్యాంకు ఫోన్లకి చేసింది. కాసేపు ఎవరూ గట్టిగా లాగకపోతే, ఇక్కడెవరూ లేరనుకుని దానంతటదే ఆగిపోతుంది."

"ఎదురుచూసేవాళ్ళు ఉన్నారని దానికి తెలీదన్నమాట" అంది జేబులక్క.

"తెలీదు. అందుకని ఇద్దరికీ వేరు కాపురం పెట్టేద్దాం. బోర్డుకి మూడు మామూలు సెల్లులు. అది మెల్లగా తాగుతుంది, ఇవి మెల్లగా పోస్తాయి. మోటారుకి నాలుగు చార్జింగు సెల్లులు. ఇవి అడగ్గానే గుక్కెడు ఇవ్వగలవు. రోజంతా ఊరికే ఉన్నా పర్వాలేదు. మోటారు ఎంత లాగినా బోర్డుకి కళ్ళు తిరగవు."

ఆ మాట బాగానే ఉంది గానీ, కట్టి చూస్తే చెయ్యి పిచ్చిపట్టినట్టు గిలగిలా కొట్టుకుంది. హారన్ లేదు, ఏమీ లేదు, తనంతట తనే లేచి పడుతోంది. ఆ దబదబలు విని ఇంటావిడ కింద కిటికీలోంచి, "మీ ఆడపడుచుకి పూనకం వచ్చిందా ఏంటి?" అని కేక. ఆడపడుచు నాలుక్కరుచుకుని, రెండు సెల్లుల డబ్బాల నల్లతీగల్నీ ఒకచోట చేర్చి మెలేసింది. చెయ్యి చటుక్కున శాంతించింది.

"గ్రౌండు కలపడం మర్చిపోయా. తిండి ఎవరిది వాళ్ళకి వేరుగా ఉండాలి, ఈ ఒక్క తీగ మాత్రం ఇద్దరికీ కలిసి ఉండాలి. లేకపోతే ఒకరు చెప్పేది ఇంకొకరికి సరిగ్గా తెలీదు."

జేబులక్క ఆ మెలేసిన చోటిని వేలితో తాకి, సూదీదారం తెచ్చి, తీగ ఊడకుండా చుట్టూ గుడ్డ వేసి కుట్టేసింది. టేపు చాలు వదినా అన్నా వినలేదు.

ఇంకో చిక్కు ఎన్నిసార్లు ఊపాలన్నది. ఆడపడుచు ఐదారుసార్లు చాలంది. జేబులక్క ఇంకా ఎక్కువ ఊపాలంది.

"సెల్లులు ఊరికే అయిపోతాయి వదినా. బండి మలుపు దాటేశాక ఎవరికి ఊపడం?"

"దాటాక బండి అద్దంలో వెనక్కి చూస్తాడు."

"చూస్తాడని నీకెలా తెలుసు?"

"నేను ఎప్పుడూ ఆపలేదు కదా, బండి కనిపించనంతదాకా. చూడకపోతే ఎందుకు ఊపుతాను?"

ఆడపడుచు మళ్ళీ కంప్యూటరు తెరిచింది. వదిన చెప్పినన్నిసార్లు ఊపేటట్టు బోర్డుకి నేర్పింది. సెల్లులు రోజూ సాయంత్రం చార్జింగులో పెట్టాలి, మర్చిపోకు అని చెప్పింది. మర్చిపోయే మనిషి కాదు జేబులక్క. ఆమె చేసిన పొరపాటు ఇంకోటి. చార్జింగు అయిన సెల్లుల్ని అలవాటు కొద్దీ తన నైటీ జేబులో వేసుకుంది, తాళంచెవులతో, కత్తెరతో కలిపి. మెట్లు సగం ఎక్కేసరికి "అబ్బా!" అని జేబు విదిలించింది. తాళంచెవులు తగిలి సెల్లు కాలిపోతోంది. జేబు వల్ల ఆమెకి కష్టం కలగడం అదే మొదటిసారి. ఆ రోజే కూర్చుని నాలుగు సన్నని జేబులున్న ఒక పట్టీ కుట్టింది, ఒక్కో సెల్లుకి ఒక్కో గది. చేతి మణికట్టు జేబులో బోర్డు బుజ్జాయిలా ఇమిడింది. ఇంటావిడ ఎవరికీ చెప్పకుండా తన పాత ప్లాస్టిక్ తొట్టెకి ఒకవైపు కోసి డాబా మీద బోర్లించింది. "వాన పడితే ఇది కప్పండి" అని మాత్రం అంది. వద్దన్న మనిషే ఆవిడ. దేవుడు ఒక్కొక్కరి మంచితనాన్ని ఒక్కో చోట దాస్తాడు, ఈవిడది తిట్ల వెనక దాచాడు.

నెలాఖరు దగ్గరపడింది. లారీ వచ్చే రోజు. జేబులక్కకి డ్యూటీ. సెలవు అడగలేదా అంటే, "అడగలేదు పిన్నీ. నేను లేనప్పుడే కదా అది ఉండాల్సింది" అంది. చీకటితోనే లేచి చేతిని పిట్టగోడకి కట్టి, సెల్లులు పెట్టి, దానికేసి ఒకసారి చూసుకుని బస్సెక్కింది.

నేను ప్రార్థన ముగించి డాబా మెట్లమీద కూర్చున్నాను. ఇంటావిడ కూడా మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చి కింది మెట్టుమీద కూర్చుంది. "బట్టలు ఆరెయ్యాలి" అంది. చేతిలో బట్టలేమీ లేవు. గాలి లేదు. పసుపుపచ్చ గుడ్డ వేలాడుతోంది. ఎన్నో బండ్లు ఎన్నో హారన్లు కొడుతూ పోయాయి. చెయ్యి దేనికీ కదల్లేదు.

రెండు పొట్టివి. ఒక పొడుగు.

చెయ్యి లేచింది. సగం దగ్గర ఆగలేదు. నిండుగా లేచి, గుడ్డని అటూ ఇటూ ఆడించింది. ఇంటావిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. లారీ మలుపులోకి వచ్చింది. కిటికీలోంచి చెయ్యి బయటికి రాలేదు. ఒక్క క్షణం, రెండు క్షణాలు.  అప్పుడు వచ్చింది, మోచెయ్యి దాకా. లారీ దిగుడులోకి వెళ్తుంటే కూడా ఆ చెయ్యి లోపలికి పోలేదు. ఇక్కడ దూది చెయ్యి కూడా ఆపలేదు. బండి కనబడకుండా పోయాక ఇంకాసేపు, అలా ఒక్కతే, ఖాళీ వంతెనకేసి ఊపుతూనే ఉంది. ఇంటావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

ఆ సమయానికి జేబులక్క దుప్పటి అంచు కుడుతోందట. సూది ఆపి గోడ గడియారం చూసిందట. పక్కన కూర్చునే ఆవిడ "ఏంటే, ఎవరికి చెయ్యెత్తావ్?" అని అడిగిందట. చెయ్యెత్తానని తనకే తెలియదట.

సాయంత్రం ఫోను. ఈసారి ఆమె దాన్ని నాకూ వినబడేట్టు పెట్టింది, ధైర్యానికి.

"డాబా మీద ఎవరది?" అన్నాడు.

"ఎవరైతే ఏం?"

"నువ్వు కాదు. నువ్వు భుజం నుంచి ఊపుతావు, మనిషంతా ఊగుతావు. అది బండి అద్దం మీద వాన తుడిచే పుల్లలా ఊపుతోంది. మా చెల్లి పనే కదా?"

"ఇద్దరిదీ."

 వెనకాల లారీలు వెళ్తున్న చప్పుడు. తర్వాత, "సెల్లులు ఎన్నాళ్ళు వస్తాయి?" అన్నాడు.

"రోజూ చార్జింగు పెడతాను."

"అయితే ఓనరుకి చెప్తాలే, బైపాసు వేరేవాళ్ళకి ఇమ్మని" అన్నాడు. అన్నాక ఏదో దగ్గు వచ్చినట్టు దగ్గి ఫోను పెట్టేశాడు.

తర్వాత ఒక నెలకి బండి మరమ్మతుకొచ్చి ఆయన ఇంటికొచ్చాడు. వచ్చిన మర్నాడు పొద్దున్నే, నిద్ర కళ్ళతో, డాబా ఎక్కాడు. నేను బట్టలు ఆరేస్తున్నాను. జేబులక్క చేతిలో సెల్లుల పట్టీతో వెనకే వచ్చింది, దూది చేతిని చూపించడానికి. ఆయన దాన్ని తర్వాత చూశాడు. ముందు పిట్టగోడ దగ్గరికెళ్ళి, ఆమె నిలబడే చోట నిలబడి, వంతెనకేసి చూశాడు. ఇన్నేళ్ళలో ఆ వంతెనని ఇటువైపునుంచి చూడటం ఆయనకి అదే మొదలట.

ఒక లారీ ఎక్కి వచ్చింది. మలుపు తిరిగింది. పోయింది. ఇంకొకటి వచ్చింది. అదీ పోయింది.

"ఇంత తొందరగా వెళ్ళిపోతానా నేను?" అన్నాడు.

జేబులక్క సెల్లులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో అమరుస్తోంది. "ఊఁ" అంది.

"అక్కడినుంచి చాలాసేపు కనబడుతున్నట్టుంటుందే. అద్దంలో..."

 ఆమె ఆఖరి సెల్లు నొక్కి పెట్టి, తలెత్తి, "తెలుసు" అంది. "అందుకే ఎక్కువసార్లు ఊపమన్నాను."

ఆయన చేతులు రెండూ నోటి దగ్గర దొప్పలా పట్టుకుని హారన్ కూశాడు. రెండు పొట్టివి, ఒక పొడుగు. దూది చెయ్యి లేచింది. అది ఊపడం ఆపేదాకా ఇద్దరూ దాని పక్కన నిలబడి వంతెనకేసే చూస్తున్నారు. నేను తడి బట్టల వెనక్కి తప్పుకున్నాను.